సందిగ్ధ ఉష్ణోగ్రతలో సందిగ్ధం ఎవరికి?

ఇంటర్ తెలుగు మీడియం వాళ్ళకి ‘సందిగ్ధ ఉష్ణోగ్రత’ గుర్తుండే ఉంటుంది, క్రిటికల్ టెంపరేచర్ అన్నమాట, అది దాటి వేడెక్కితే ఎంత నొక్కినా వాయువు ద్రవంగా మారదు. ఇప్పుడు లాటిస్ గ్యాస్ (వాయువుకి గళ్ళ మీద వేసే ఒక నమూనా) మీద తెలుగులో చిన్న వ్యాసం రాస్తూ ఆ మాట దగ్గర ఆగిపోయా. సందిగ్ధం అంటే డౌటు కదా, ఉష్ణోగ్రతకి డౌటేంటి? కీలక ఉష్ణోగ్రత అని మార్చేద్దామా? హిందీలో క్రాంతిక అంటారు, అదీ నాకు నచ్చలా.

— మార్చకండి సార్ దయచేసి. మీ లాటిస్ గ్యాసే సాక్ష్యం. గళ్ళ కాయితం తీసుకుని సగం గళ్ళలో ఒక్కో చుక్క పెట్టండి, ఒక గడిలో రెండు కూడదు, పక్కపక్క చుక్కలకి కాస్త ఆకర్షణ, అంతే మోడల్. చల్లగా ఉంటే చుక్కలు గుంపు కట్టేస్తాయి, అది ద్రవం, మిగతా ఖాళీ ఆవిరి, బాగా వేడెక్కితే అంతటా చెదిరిపోతాయి. సరిగ్గా ఆ మధ్య ఉష్ణోగ్రత దగ్గర చూడాలి, గుంపు లోపల ఖాళీ, ఆ ఖాళీలో మళ్ళీ చిన్న గుంపు, అన్ని సైజులూ ఉంటాయి, ఏది ద్రవం ఏది ఆవిరి అంటే చెప్పలేం. నిజం గ్యాసుల్లోనూ అంతే, కార్బన్ డయాక్సైడ్‌ని సరిపడా ఒత్తిడితో గాజుగొట్టంలో బిగించి 31 డిగ్రీల దగ్గరకి తెస్తే ద్రవం మట్టం గీత మాయమైపోయి, అద్దంలా ఉన్నది కాస్తా పాలలా తెల్లబడుతుంది.

— వ్యుత్పత్తి కూడా కలిసొస్తోంది. సం + దిహ్, దిహ్ అంటే పూయడం, అలకడం, సందేహమూ అక్కడిదే. అలికేస్తే హద్దు చెరిగిపోతుంది కదా. టెన్త్‌లో సందిగ్ధ కోణం చూడండి, నీళ్ళలోంచి గాలిలోకి పోబోయే కాంతి కిరణం బయటికీ పోదు వెనక్కీ రాదు, అంచు వెంట పాకుతుంది.

— బాగుంది గానీ ఆ మాట పెట్టినవాళ్ళు ఇంత ఆలోచించారంటే నేను నమ్మను, క్రిటికల్ అని కనబడ్డ చోటల్లా దింపేసుంటారు. పైగా లెక్కలో డౌటేం లేదు. చదరపు గళ్ళ ఐసింగ్ అయస్కాంతానికి (గడికో బుల్లి అయస్కాంతం, అదే స్పిన్, పైకో కిందికో చూస్తుంది) భౌతిక శాస్త్రవేత్త ఆన్సాగర్ 1944లో ఖచ్చితంగా తేల్చేశాడు, లాటిస్ గ్యాసూ అదే లెక్కని 1952లో లీ, యాంగ్ చూపించారు, చుక్క ఉంటే స్పిన్ పైకి, లేకపోతే కిందికి. ఆకర్షణ శక్తినీ బోల్ట్స్‌మన్ స్థిరాంకాన్నీ (ఉష్ణోగ్రతని శక్తి లెక్కలోకి మార్చేది) 1 అనుకుంటే సందిగ్ధ ఉష్ణోగ్రత 0.567 వస్తుంది. ఇంత కచ్చితంగా తెలిసినదాన్ని సందిగ్ధం అంటే పిల్లలు నవ్వరూ?

— డౌటు చుక్కలకండీ, మనక్కాదు. అవే గళ్ళని ఒక్క వరసలో పేర్చండి, ఐసింగ్ 1925లోనే చూపించాడు, సున్నాకి పైన ఎంత చల్లార్చినా గుంపు ఎక్కడో చోట తెగుతూనే ఉంటుంది, అక్కడ తేల్చుకోడానికేం లేదు, సందిగ్ధ ఉష్ణోగ్రతా లేదు.

— సరే ఉంచేస్తున్నా. లాటిస్ గ్యాస్‌కి ‘జాలక వాయువు’ అని రాస్తా, గళ్ళ వాయువు అందామంటే గళ్ళ లుంగీ గుర్తొస్తోంది.