నర్సరీ పెట్టాలనుకునేవారికి ఏ సర్టిఫికెట్ పనికొస్తుంది?

ప్రశ్న (రాజమహేంద్రవరం):
నమస్కారమండీ. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఇన్నాళ్లూ ఒక కార్యాలయంలో పద్దులు రాశాను. మేడ మీద మల్లె, జామ, కూరగాయలు పెంచిన ధైర్యంతో చిన్న నర్సరీ పెట్టాలనుకుంటున్నాను. ఈ మధ్య మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేస్తే సర్టిఫికెట్ వచ్చింది గానీ, అందులో నా చేత ఒక్క అంటు కూడా కట్టించలేదు. వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం వారి డిప్లొమాలో చేరవచ్చా?

జవాబు:
ఆ డిప్లొమా పదో తరగతి పూర్తయిన పిల్లల కోసం పెట్టిన రెండేళ్ల పాలిటెక్నిక్ చదువు. వయోపరిమితి ఉంటుంది కనుక మీకు కుదరదు. ఇంటర్ చదివినవారికి ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో సేంద్రియ వ్యవసాయంపై ఆరు నెలల సర్టిఫికెట్ ఉంది గానీ, అది సాగు గురించి చెబుతుంది, నర్సరీ పని గురించి కాదు. భారత వ్యవసాయ నైపుణ్య మండలి ఇచ్చే గార్డెనర్ సర్టిఫికెట్ మీకు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అందులో చేతిపనికి కూడా పరీక్ష పెడతారు. అయితే శిక్షణ కేంద్రానికి స్వయంగా వెళ్లి షేడ్‌నెట్ (మొక్కలకు నీడనిచ్చే వల), అంటు కట్టే మొక్కలు ఉన్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి.

జవాబు (కడియపులంక):
మాది తాతల నాటి నర్సరీ. సర్టిఫికెట్‌ను తక్కువ చేయను గానీ, కొమ్మ అదను కాగితం మీద తెలియదు. మామిడి అంటుకు పెన్సిలంత లావు కొమ్మను ఎంచుకుని, కోయడానికి వారం పది రోజుల ముందే కాడలు మిగిల్చి ఆకులు తుంచేస్తాం. ఆ కాడలు ముట్టుకుంటే రాలిపోయి, కొన మొగ్గ ఉబ్బి కనిపించిన రోజే కత్తి పెడతాం. జామకు గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు రప్పించే పద్ధతి) కట్టేటప్పుడు అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచి, కింద జారుడుగా తగిలే పొరను కత్తితో శుభ్రంగా గీకేయాలి. అది మిగిలితే బెరడు మళ్లీ కలిసిపోతుంది, వేళ్లు రావు. కొత్తవారి చేతిలో అంటు పోయేది ఎక్కువగా అక్కడే. వానలు పడగానే ఏదైనా నర్సరీలో రెండు నెలలు, కూలి మాట ఎత్తకుండా, పనిచేయండి.

ప్రశ్న అడిగినవారు:
నర్సరీ నమోదుకు ఆ గార్డెనర్ సర్టిఫికెట్ పనికొస్తుందా?

జవాబు (కడియపులంక):
మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల నమోదుకు 2010లో చట్టం వచ్చింది. దరఖాస్తు ఉద్యాన శాఖకే పెట్టుకోవాలి. సర్టిఫికెట్ సంగతి అక్కడే కనుక్కోండి గానీ, అంట్లు తీసే తల్లిచెట్లు ఎక్కడివని అడిగితే చూపించడానికి ఈ ఏడాదే రెండు మంచి జామచెట్లు నాటుకోండి.