రెండు శాఖల లెడ్జర్లు కలిపితే ఒకే దుకాణం మూడు పేర్లతో వస్తోంది

మిర్యాలగూడ ఎరువుల వ్యాపారి:
మాకు మిర్యాలగూడలో ఎరువులు, విత్తనాల హోల్‌సేల్ దుకాణం ఉంది. మహబూబ్‌నగర్ శాఖ లెక్కలు ఇన్నాళ్లూ వేరుగా నడిచాయి. రెండు లెడ్జర్లనూ కలిపి చూస్తే, వనపర్తిలోని ఒకే చిల్లర దుకాణం మూడు పేర్లతో, ఒకచోట మహబూబ్‌నగర్ జిల్లాలో, మరోచోట వనపర్తి జిల్లాలో కనిపిస్తోంది. బకాయి మూడు ఖాతాల్లో చీలిపోయి, ఎంత రావాలో నమ్మకంగా చెప్పలేకపోతున్నాను. ఒక ఖాతా ఉంచి మిగతావి తీసేయవచ్చా?

నల్లగొండ అకౌంటెంట్:
దయచేసి ఏ ఖాతానూ తీసేయకండి. శ్రీ వేంకటేశ్వర ట్రేడర్స్ వంటి పేర్లు మన వైపు చాలా ఊళ్లలో ఉంటాయి కనుక పేరు కలిసినంత మాత్రాన దుకాణం ఒకటే అనుకోలేం. ముందు జీఎస్టీ నంబరు చూడండి: 15 అక్షరాల్లో మొదటి రెండు 36 అయితే తెలంగాణ, తర్వాతి పది పాన్, చివరిది ముందున్న పద్నాలుగింటి నుంచి లెక్కకట్టి వచ్చేది, అందువల్ల ఒక అంకె తప్పు కొట్టినా అక్కడే బయటపడుతుంది. అయితే ఒకే నంబరు మీద ఒకే యజమానికి రెండు ఊళ్లలో దుకాణాలు ఉండవచ్చు. కాబట్టి ప్రతి దుకాణానికీ మీ సొంత ఖాతా నంబరు ఇచ్చి, పాత ఖాతాలను దాని కింద చేర్చండి. జిల్లా పేరులోని తేడా పొరపాటు కాదు. వనపర్తి 2016 అక్టోబరు 11న వేరు జిల్లా అయింది. అంతకుముందు బిల్లు మీద మహబూబ్‌నగర్ అని ఉండటమే సరైనది, దాన్ని దిద్దకండి.

మీది కంపెనీ అయితే, ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే లెక్కల సాఫ్ట్‌వేర్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. సొంత దుకాణమైనా ఆ ఏర్పాటు ఉండాలనే నా అభిప్రాయం, ఎందుకంటే ఎవరు ఏ అంకె మార్చారో తెలియని లెడ్జరుతో బాకీదారు ముందు నిలబడలేం.

జడ్చర్ల డీలర్:
సరుకు నిల్వ కూడా చూసుకోండి. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది, డీఏపీ బస్తా 50 కిలోలే. ఒక శాఖ బస్తాల్లో, మరొకటి టన్నుల్లో రాస్తూ, అన్నిటినీ 50తో గుణిస్తే నూరు బస్తాలకు 500 కిలోల లేని యూరియా పుస్తకంలో చేరుతుంది.

మిర్యాలగూడ ఎరువుల వ్యాపారి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎక్సెల్‌లోకి తెచ్చాక కొందరి బ్యాంకు ఖాతా నంబర్ల చివర సున్నా వస్తోంది. కారణమేమిటి?

నల్లగొండ అకౌంటెంట్:
ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. 16వ అంకె నుంచి సున్నా చేస్తుంది, ముందున్న సున్నాలను వదిలేస్తుంది. పోయిన అంకెలు ఆ ఫైలులోంచి తిరిగి రావు. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా మార్చి పాత లెడ్జరు నుంచి మళ్లీ తెచ్చుకోండి, అంతవరకు ఆ ఫైలు చూసి ఎవరికీ డబ్బు పంపకండి.