యుద్ధం వేళ ఓట్ల ప్రకటనలో జవాను బొమ్మ: ఊరి పత్రిక వేయాలా, వద్దా?

పెన్నాగట్టు, నెల్లూరు

పోయిన వారం టీ కొట్టు దగ్గర మొదలైన వాదన అక్కడ తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా. సరిహద్దులో యుద్ధం జరుగుతున్నప్పుడో, అప్పుడే ముగిసినప్పుడో ఎన్నికలు వస్తే, అభ్యర్థి ఇచ్చిన ప్రకటనలో జవాను బొమ్మ ఉంటే, చిన్న టౌను పత్రిక దాన్ని వేయొచ్చా? వేయకూడదని నా మాట. ఒకసారి నా చేత్తోనే వేశాను కాబట్టి చెబుతున్నా.

1999లో కార్గిల్ పోరు జూలై 26తో ముగిసింది. సెప్టెంబరులో మనకు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిసి వచ్చాయి. అప్పుడు నేను మన జిల్లాలోనే ఒక వారపత్రికలో డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చడం), పేస్టింగు చేసేవాణ్ణి. బటర్ పేపరు మీద అక్షరాలు తీసి, షీటు మీద గమ్‌తో అంటించేవాళ్లం. బొమ్మ కావాలంటే పాత మేగజైన్లే దిక్కు. ఒక రాత్రి అభ్యర్థి మనిషి వచ్చి అరపేజీకి రొక్కం టేబుల్ మీద పెట్టాడు. పైన ఆయన ఫొటో, కింద మంచు కొండ మీద తుపాకీ పట్టిన జవాను ఉండాలి, మిగతాది నీ ఇష్టం అన్నాడు. నేను ఒక మేగజైను లోపలి పేజీలోంచి కత్తిరించాను. హెల్మెట్ అంచు దగ్గర కత్తెర కాస్త జారితే నల్ల స్కెచ్ పెన్నుతో దిద్దాను.

పత్రిక బజారులోకి పోయిన మూడో రోజు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన మా పత్రిక. కొడుకు మిలిటరీలో ఉన్నాడంట, రెండు నెలల నుంచి ఉత్తరం లేదంట. బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ పిల్లోడు ఎవురు నాయనా? ఈ నాయకుడికి మిలిటరీ వాళ్లు బాగా ఎరిక ఉన్నట్టుంది, మావోడి సంగతి కనుక్కుంటాడా?" అని అడిగాడు. ఆ జవాను పేరు నాకు తెలియదు. మేగజైన్లోనూ పేరు వేయలేదు. పెద్దాయన మంచినీళ్లు తాగి బస్సు టైమైందని లేచిపోయాడు.

ఆయన దాన్ని ప్రకటన అనుకోలేదు, వార్త అనుకున్నాడు. నా బాధ అదే.

వారపత్రికోణ్ణి, ఒంగోలు

అన్నా, చదివి మనసు కలుక్కుమంది. కానీ ఒక మాట చెప్పనివ్వండి. నేను ఇరవై ఏళ్లుగా వారపత్రిక నడుపుతున్నా. చందాల డబ్బు పోస్టేజీకి, కుర్రాళ్ల జీతాలకు సరిపోదు. ఎన్నికల నెలలో వచ్చే ప్రకటనలతోనే మిగతా సంవత్సరం కాగితం కొంటాం. మీరు కాదంటే ఆ అరపేజీ పక్క పత్రికకు పోతుంది, బొమ్మ ఎలాగూ జనంలోకి వస్తుంది. పైగా ప్రకటనలో ఉన్నదానికి బాధ్యత ఇచ్చినవాడిది. అన్నీ మనమే జల్లెడ పట్టాలంటే చిన్న పత్రిక బతకదు.

యుద్ధం రోజుల్లో ప్రకటన వేసినంత మాత్రాన తప్పు చేసినట్టయితే, రెండో ప్రపంచ యుద్ధం నాటి పత్రికలన్నీ బోనెక్కాలి. అప్పుడు సర్కారు వాళ్ల యుద్ధ నిధి ప్రకటనలు, సేవింగ్స్ సర్టిఫికెట్ల ప్రకటనలు వేసుకున్న పత్రికలు తక్కువా?

కందుకూరు మాస్టారు

ఒంగోలు తమ్ముడు తెచ్చిన పోలిక దగ్గర కాసేపు ఆగాలి.

1939 సెప్టెంబరులో మనవాళ్లను ఒక్క మాట అడక్కుండా వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. అందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు దిగిపోయాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం పోయింది. అందులో స్థానిక సంస్థల శాఖ చూసింది మన బుచ్చిరెడ్డిపాళెం వాడైన బెజవాడ గోపాలరెడ్డి గారే. యుద్ధం మొదలవగానే భారత రక్షణ నిబంధనలూ వచ్చాయి. సర్కారుకు నచ్చని వార్త వేస్తే ప్రెస్సుకు తాళం. న్యూస్‌ప్రింట్, అంటే పత్రికలు అచ్చువేసే కాగితం, అంతా ఓడల మీద బయటి దేశాల నుంచి రావాల్సిందే. మన దేశంలో ఆ కాగితం తయారుచేసిన తొలి మిల్లు, నేపానగర్ మిల్లు, పని మొదలుపెట్టింది 1950ల నడుమ. యుద్ధంలో ఓడలు తగ్గితే కాగితానికి కంట్రోలు పెట్టారు, పేజీలు కుదించారు. కాగితం కోటా సర్కారు చేతిలో, ప్రకటన డబ్బూ సర్కారు చేతిలో ఉంటే చిన్న పత్రికకు ఎంత ఊపిరి ఉంటుందో ఆలోచించండి. వాళ్లను నేను తప్పుపట్టను.

దీనికి అవతలి ఉదాహరణ కూడా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో ఆంధ్రపత్రిక. తలనొప్పి మందు అమ్మిన డబ్బు పత్రిక వెనక నిలబడింది కాబట్టి ఆయన ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. మన జిల్లా పత్రికలకు అమృతాంజనం లేదు. జమీందారీ రైతుల పక్షాన నెల్లూరులో నిలబడ్డ జమీన్ రైతు లాంటి పత్రికను తలుచుకుంటే నాకు గౌరవం కలిగేది ఇందుకే.

ఇక తేడా ఏమిటంటే, సర్కారు యుద్ధ ప్రకటన చూసిన ఏ రైతుకైనా అది సర్కారుదని తెలుసు. నచ్చకపోతే పేజీ తిప్పుకునేవాడు. 1999 నాటి ప్రకటనలో అది లేదు. ఎవరో జవానును, ఆయనకు తెలియకుండా, ఒక అభ్యర్థి పక్కన నిలబెట్టారు.

ఇంకొకటి. యుద్ధం అంటే ఊరంతా ఒకే మాట మీద ఉంటుందనుకోవడం పొరపాటు. 1942 జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. రష్యా మీద హిట్లర్ దాడి చేశాక వాళ్లు దీన్ని ప్రజాయుద్ధం అన్నారు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారి పార్టీ అది. ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపుతో కాంగ్రెస్ వాళ్లు జైళ్లకు పోయారు. ఒకే తాలూకాలో ఒక ఇంట్లో యుద్ధం మన బానిసత్వం, పక్కింట్లో యుద్ధం మన బాధ్యత. ఇప్పుడు ఏ అభ్యర్థి అయినా జవాను బొమ్మ పెట్టి, నాకు ఓటేయకపోతే నువ్వు దేశం పక్షాన లేవన్నట్టు మాట్లాడితే, ఆ రెండు ఇళ్ల వాళ్లనూ అవమానించినట్టే.

కావలి కోడలు

మాస్టారూ, నేను చదువుకున్న చరిత్ర తక్కువ. నా సంగతి చెబుతా. 2019లో ఫిబ్రవరి 14న పుల్వామా జరిగింది, మాకు పోలింగ్ ఏప్రిల్ 11న. ఆ రెండు నెలలూ మా వీధిలో ఏ కరపత్రం చూసినా యుద్ధం, సరిహద్దు, ప్రతీకారం. మా వీధికి మూడు రోజులకొకసారి కుళాయి నీళ్లు వస్తున్నాయి, రాత్రి పదకొండుకు బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్లం. ఆ మాట ఒక్క కరపత్రంలో లేదు. దేశం గురించి మాకు పట్టదని కాదు. మా పెదనాన్న కొడుకు బీఎస్ఎఫ్‌లో ఉన్నాడు, టీవీ పెడితే మా పెద్దమ్మకు టెన్షన్. కానీ మా నీళ్ల సంగతి అడిగే చోటు ఆ కాగితమే కదా.

రిటైర్డ్ హవల్దారు, గిద్దలూరు

పదిహేడేళ్లు సర్వీసు చేసి వచ్చాను. ఈసారి మా పంచాయతీకి సర్పంచిగా నిలబడదామనుకుంటున్నా. అందుకని ఈ చర్చ నాకు నేరుగా తగులుతోంది.

నెల్లూరు అన్న చెప్పినదానికి నియమం కూడా ఉంది. రక్షణ దళాల వాళ్ల ఫొటోలు ప్రచారంలో, ప్రకటనల్లో వాడొద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులో పార్టీలకు రాసింది. 2019 మార్చి 9న, అంటే షెడ్యూలు ప్రకటించే ముందు రోజు, మళ్లీ గుర్తు చేసింది. సర్వీసులో ఉన్నవాడు ఏ పార్టీ మనిషీ కాదు, కాకూడదు. మేము కాల్పుల మధ్య ఉన్నప్పుడు పక్కనున్నవాడు ఎవరికి ఓటేస్తాడో ఎవరికీ గుర్తుండదు. ఆ బొమ్మను ఒక పార్టీ కాగితం మీద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంతవరకు అన్నతో ఒప్పుకుంటా.

కానీ నా సంగతేంటి? నేను చేసింది ఆ పని ఒక్కటే. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఎంపీటీసీ, జడ్పీటీసీలకే అవి. సర్పంచికి నిలబడేవాడికి తన బతుకే గుర్తు. పక్కవాడు నేను కాంట్రాక్టులు చేశాను, బోర్లు వేయించాను అని రాసుకుంటాడు. నా పేరు పక్కన మాజీ సైనికుడు అని నేను రాసుకోవద్దా? యూనిఫారంలో ఉన్న నా పాత ఫొటో నాదే కదా, ఎవరి దగ్గరా కత్తిరించింది కాదు.

వారపత్రికోణ్ణి, ఒంగోలు

అదీ ప్రశ్న. ఇప్పుడు చెప్పండి అన్నా, హవల్దారు గారి ప్రకటన నా దగ్గరికి వస్తే ఏం చేయాలి?

పెన్నాగట్టు, నెల్లూరు

హవల్దారు గారూ, మీరు అడిగింది న్యాయం. మాజీ సైనికుడు అని రాసుకోండి. ఎన్నేళ్లు చేశారో, ఏ హోదాలో రిటైరయ్యారో రాసుకోండి. అది మీ బతుకు, అబద్ధం కాదు. యూనిఫారం ఫొటో మాత్రం వద్దంటాను. ఆ బట్టలు వేసుకున్నవాళ్లు మీతోపాటు ఇంకా లక్షల మంది ఉన్నారు. మీరు ఇప్పుడు రిటైరయ్యారు, వాళ్లు కాలేదు. అందులో మీకు ఓటేయని ఇంటి పిల్లవాడు కూడా ఉంటాడు. ఆ ఇంట్లో వాళ్ల అమ్మ మీ కరపత్రం చూసి ఏమనుకుంటుందో నాకు 1999లో తెలిసింది.

ఒంగోలు తమ్ముడూ, నీ కాగితం ఖర్చు నాకు తెలియంది కాదు. డబ్బు వదులుకోమని అనడం లేదు. ప్రకటన తీసుకో, బొమ్మ మార్చమను. ఒప్పుకోకపోతే అప్పుడు వద్దను. తీసుకున్నదానికి చుట్టూ గీత గీసి, పైన 'ప్రకటన' అని వార్త అక్షరాల కంటే పెద్ద సైజులో వెయ్యి. మన దగ్గర ఆ మాటను చిన్న అక్షరాల్లో మూలన పడేసి వేశామనిపించుకుంటారు, అది కుదరదు. కరపత్రమైతే కింద ప్రింటరు పేరు, ప్రచురించినవాడి పేరు, అడ్రసు ఎట్టాగూ ఉండాలి, చట్టంలోనే ఉంది. ఆ లైను చిన్నదిగా వేసి మడతలో పడేలా చేసే ప్రెస్సులు ఉన్నాయి. ఒకప్పుడు మా ప్రెస్సులోనూ అట్టాగే చేశాం.

కావలి చెల్లెమ్మ చెప్పిన నీళ్ల మాట కూడా వదలొద్దు. ప్రకటన పక్క కాలమ్‌లో ఆ వారం ఏ వీధికి ఎన్ని రోజులకు నీళ్లొచ్చాయో రెండు లైన్లు వేసే పత్రిక కావాలి.

వారపత్రికోణ్ణి, ఒంగోలు

పక్క పత్రిక వేస్తే వేయనీ అనుకోవడానికి నాకు రెండు రోజులు పట్టేట్టుంది అన్నా. కానీ 'ప్రకటన' పెద్ద అక్షరాల సంగతి వచ్చే సంచిక నుంచే చేస్తా. నీళ్ల కాలమ్‌కు వీధుల పేర్లు కావలి నుంచి కూడా పంపండమ్మా.

రిటైర్డ్ హవల్దారు, గిద్దలూరు

ఫొటో మా ఇంట్లో గోడ మీదే ఉంచుతా. మామూలు చొక్కాలో దిగింది పంపిస్తా, కింద మాజీ సైనికుడు అని ఉంటే చాలు. అక్షరాలు మాత్రం పెద్దవి వేయించండి. మా ఊళ్లో కళ్లజోడు లేని పెద్దవాళ్లే ఎక్కువ, పక్కవాళ్లతో చదివించుకుంటారు.