టర్బైన్ పొగతో చల్లదనం: గల్ఫ్ గ్యాస్ ప్లాంట్లలో గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: అబుదాబి వైపు ప్లాంట్లలో పనిచేసేవాళ్లు చెప్పండి. గ్యాస్ టర్బైన్ చిమ్నీలోంచి 500 డిగ్రీల వేడి ఊరికే పోతోంది. దానితో అబ్సార్ప్షన్ చిల్లర్ (కరెంటు బదులు వేడితో నీళ్లని చల్లబరిచే యంత్రం) నడపడం లాభమా, తలనొప్పా?

మెయింటెనెన్స్ మనిషి: తలనొప్పే. లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణంతో నడిచే ఈ చిల్లర్లతో పదేళ్లు వేగాను. వాక్యూమ్‌లో నడుస్తాయి కదా, ఎక్కడ సన్నటి లీకున్నా చల్లదనం పడిపోతుంది. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి ద్రావణం పటికబెల్లంలా గడ్డకట్టింది. పైపు మీద ఆవిరి పట్టి కరిగిస్తూ తెల్లారేదాకా నిలబడ్డాం. పైగా ఒక వంతు చల్లదనానికి దాదాపు 2.4 వంతుల వేడిని కూలింగ్ టవర్ బయటికి పంపాలి. కరెంటు చిల్లరైతే 1.2 చాలు. ఎడారిలో అన్ని నీళ్లెక్కడివి?

ప్రాసెస్ వైపు నుంచి: అన్నా, మీరు పడ్డ కష్టం కాదనను. కానీ లెక్క చిల్లర్ దగ్గరే ఆపేశారు. టర్బైన్ రేటింగ్ 15 డిగ్రీల గాలికి ఇస్తారు. జూలై మధ్యాహ్నం 45 ఉంటుంది. డిగ్రీకి సుమారు 0.7 శాతం చొప్పున ఐదోవంతు పవర్ పోయినట్టే. సరిగ్గా అప్పుడే, ప్లాంటులో గ్యాస్‌ని చల్లబరిచే ప్రొపేన్ ఆవిరిని మళ్లీ ద్రవం చేసే కండెన్సర్ ప్రెషర్ 14 బార్ నుంచి 19కి ఎక్కి కంప్రెసర్ ఇంకా బలం అడుగుతుంది. చిల్లర్ ఇచ్చే చల్లనీళ్లు టర్బైన్ పీల్చే గాలికీ, కండెన్సర్ దాటిన ద్రవ ప్రొపేన్‌కీ ఇచ్చి చూడండి. చల్లబడ్డ ప్రొపేన్ వాల్వు దాటాక తక్కువ ఆవిరవుతుంది, కంప్రెసర్‌కి ఆ మేరకు బరువు తగ్గుతుంది. ప్రొపేన్ చేసే మైనస్ 30 డిగ్రీల పని మాత్రం ఈ చిల్లర్‌ని అడక్కూడదు. ఇందులో చల్లబరిచేది నీరే, 5 డిగ్రీల కిందికి పోదు.

నీళ్ల మాట తీరాన ఉన్న రువైస్‌లో వేరు, లోపలి ఎడారిలో ఉన్న హబ్షాన్‌లో వేరు. తీరంలో సముద్రం పక్కనే ఉంది. అక్కడి ఉక్కలో, టర్బైన్ గాలిని చల్లబరిచే కాయిల్ మీంచి కారే నీటినీ పట్టి టవర్‌కి వాడొచ్చు. లోపలి ఎడారిలో నేనూ తొందరపడను.

మెయింటెనెన్స్ మనిషి: తీరమైతే ఒప్పుకుంటా. కానీ చిమ్నీకి ఇప్పటికే ఆ వేడితో ఆవిరి చేసే బాయిలర్ ఉంటే? ఆ ఆవిరి అమీన్ రీబాయిలర్‌కి (గ్యాస్‌ని శుద్ధి చేసే అమీన్ ద్రావణాన్ని మరిగించేది) పోతుంటే ఇది వృథా వేడి కాదు, ఒకరి కంచంలోది తీసి ఇంకొకరికి పెట్టడమే.

ప్రశ్న అడిగినవారు: మా దగ్గర రెండు టర్బైన్లకి బాయిలర్ ఉంది, మూడోదాని చిమ్నీ ఖాళీ. ప్లాంటు తీరంలోనే. రేపు డ్యూటీలో ఆ మూడోదాని మధ్యాహ్నం రీడింగులు తీసి ఇక్కడ పెడతాను.