దేవుడు మందిరంలో ఉన్నట్టా, లేనట్టా?

బైబిల్ పాత నిబంధన బాగా తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి, రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. 1 రాజులు 8వ అధ్యాయంలో, సొలొమోను రాజు యెరూషలేములో కట్టించిన మందిరంలో, మందసాన్ని (పది ఆజ్ఞల పలకలున్న పెట్టె) లోపలి గదైన అతిపరిశుద్ధ స్థలంలో పెట్టి యాజకులు బయటికి రాగానే మేఘం మందిరమంతా నిండిపోయింది, వాళ్లు నిలబడి సేవ కూడా చేయలేకపోయారు, అంటే దేవుడు వచ్చేసినట్టేగా. కానీ అదే అధ్యాయం 27వ వచనంలో సొలొమోనే ఆకాశ మహాకాశాలు కూడా నిన్ను పట్టలేవు, ఈ మందిరం ఏపాటిది అంటాడు! మరి ఆ 20 మూరల గదిలో ఉన్నదేంటి? ద్వితీయోపదేశకాండమేమో దేవుడు తన నామాన్ని అక్కడ ఉంచుతాడంటుంది. యెహెజ్కేలు 10, 11 అధ్యాయాల్లో దేవుని మహిమ మందిరం గడప దగ్గరికొచ్చి, కెరూబులతో (రెక్కలున్న పరలోక జీవులు) పాటు ఊరు దాటి తూర్పు కొండ మీద ఆగుతుంది. నామం, మహిమ ఒకటేనా, వేర్వేరా? మా పాస్టర్‌గారు నమ్మితే చాలన్నారు (అది నాకూ తెలుసు). హీబ్రూ వచ్చినవాళ్లు చెప్తే ఇంకా మంచిది.