బొట్టు, డప్పు, జాతర చందా: విశ్వాసి ఊళ్లో ఎంతవరకు కలవాలి?

కృష్ణాతీరం:
మా పిన్ని కూతురు బాప్తిస్మం తీసుకున్నాక బొట్టు, గాజులు, పూలు అన్నీ మానేసింది. మొగుడు నిక్షేపంలా ఉండగా ఇదేం ఖర్మ అని వీధిలో ఆడవాళ్లు చాటున అనుకుంటున్నారు, పేరంటానికి పిలవడం లేదు. సంఘంలోనేమో ప్రతి ఆదివారం ‘మీ వీధికి మీరే మిషనరీలు’ అని ప్రసంగం. గడప తొక్కనివ్వని ఇంట్లో ఏం సాక్ష్యం చెబుతాం? దోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారు కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ చూడండి. 1939లో ప్రతిష్ఠ చేశారు. గుడి పోకడా ఉంది, మసీదు పోకడా ఉంది. పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు కర్ణాటక బాణీలోనే నడుస్తాయి. వాళ్ల భక్తికి ఏం తక్కువైంది?

పల్లెచివర:
రాగాలు, గోపురాలు సరే. డప్పు మాటేంటి? మా తాతల చేత కొలుపుల్లో డప్పు కొట్టించిందీ, చచ్చిన గొడ్డును ఎత్తించిందీ ఈ ఊరి సంస్కృతే కదా. యర్రగుంట్ల పేరయ్య గారు 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెనక వచ్చిన మాదిగలకు ఒంగోలు మిషన్‌లో మూడే కట్టుబాట్లు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఊరి పెద్దలకు ఇది ఎంత మంట పుట్టించి ఉంటుందో ఊహించుకోండి. మీకు కలిసిపోవడం ముచ్చట, మావాళ్లకు విడిపోవడమే పరువు. అయినా పేరయ్య గారు బయటివాడిలా ఏమీ బతకలేదు. ఊరూరా తిరిగి చెప్పుకున్నది సొంత చుట్టాలకే.

సీయోనుబాట:
సువార్తికులు భక్త్‌సింగ్ గారు పంజాబ్ నుంచి వచ్చారు. హైదరాబాద్‌లో ఆయన సంఘం, హెబ్రోనులో చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని ఆరాధన. తర్వాత ప్రేమవిందు, అందరికీ ఒకే వంట. కులం అడిగి మంచినీళ్లిచ్చే ఊళ్లున్న దేశంలో ఆ పంక్తి భోజనాన్ని మించిన ప్రసంగం ఏముంది? దానికి బొట్టుతో పని పడలేదు.

గోదారిగట్టు:
నేను హిందువుని, చదివి ఊరుకోలేకపోయాను. మమ్మల్ని మార్చడం కోసం బొట్టు పెట్టుకుంటే అది మారువేషం. తీసేసిన ఆ అమ్మాయే నయం, ఏమిటో తెలుస్తుంది. పేరంటానికి పిలవకపోవడం మాత్రం మావాళ్ల తప్పే. మా అమ్మ పక్కింటి క్రైస్తవులావిడకు శనగలు, తాంబూలం ఇస్తుంది, బొట్టు మాత్రం పెట్టదు. ఆవిడ క్రిస్మస్‌కి అరిసెలు పంపుతుంది. ఇద్దరికీ ఏ టెన్షనూ లేదు.

కృష్ణాతీరం:
మారువేషం అనేది పెద్ద మాటండీ. పుట్టినప్పటి నుంచి పెట్టుకున్న బొట్టు ఆ పిల్లకు వేషం ఎలా అవుతుంది? తీసెయ్యమన్నది ఆమె మనసు కాదు, సంఘంలో పెద్దలు. నా గొడవల్లా అదే.

పల్లెచివర:
చందా సంగతి ఎవరూ ఎత్తలేదు. మా నాన్న జాతరలో అన్నదానానికి బియ్యం బస్తా ఇస్తాడు, కొలుపు ఖర్చుకు పైసా ఇవ్వడు. కమిటీవాళ్లు రసీదు మీద ‘జాతర చందా’ అనే రాస్తారు. ఆ రసీదు ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఆదివారం కూటం తర్వాత మా నాన్నను పిలిపించారు, ఏం చెప్పమంటారు?