పడవ ఊగితే నాకు పడదు, మావారికి మోకాలి నొప్పి. ఒడ్డు నుంచే దిగే డైవింగ్ ఎక్కడ బాగుంటుంది?

కాకినాడ_కెరటం:
మాది కాకినాడ, ఉండేది హ్యూస్టన్. నాకు 56, మావారికి 61. నాలుగేళ్ల క్రితం ఇద్దరమూ డైవింగ్ నేర్చుకున్నాం. నీటి అడుగున ఉన్నంతసేపు నాకు ఏ ఇబ్బందీ లేదు, బాధంతా పడవతోనే. కిందటి ఏడాది ఒక దీవిలో ఇరుకైన పడవ ఎక్కించారు. మొదటి డైవ్ తర్వాత గంటసేపు నడిసముద్రంలోనే ఆపేశారు. ఆ గంటా వాంతులే. మావారు సిలిండరు వీపున ఉండగానే నిట్టనిలువు నిచ్చెన ఎక్కబోయి జారారు, ఆపరేషన్ అయిన మోకాలికే దెబ్బ తగిలింది. "ఇక మానేద్దాం" అంటున్నారు. నాకు మానాలని లేదు. నిలకడగా ఉండే పడవను ముందే పోల్చుకోవడం ఎలా? అసలు పడవే అక్కరలేని చోటు ఉందా?

గోదారి_నుంచి_ఆమ్‌స్టర్‌డామ్:
ఉందండీ, బొనేర్. వెనెజువెలాకు ఉత్తరాన, కరీబియన్‌లో ఉన్న నెదర్లాండ్స్ దీవి. మూడుసార్లు వెళ్లాను. గాలి దాదాపు ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది, అందుకే పడమటి ఒడ్డున నీళ్లు చెరువులా ఉంటాయి. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద డైవ్ చోట్ల పేర్లు రాసి ఉంటాయి. పికప్ బండిలో సిలిండర్లు వేసుకొని, నచ్చిన రాయి దగ్గర ఆపి దిగడమే. కొద్ది దూరం ఈదితే పగడపు దిబ్బ వాలు మొదలవుతుంది.

అయితే ఒడ్డంతా ఇసుక అనుకోవద్దు. విరిగిన పగడాలు, గరుకు రాళ్లు, వాటి మధ్య గుంటలు. మందపాటి అడుగున్న బూట్లు, వాటి మీద తొడిగే పట్టీల ఫిన్స్ (ఈత రెక్కలు) తప్పనిసరి. చేతి తొడుగులు అక్కడ నిషేధం. మోకాలి సంగతి చెప్పారు కాబట్టి 'థౌజండ్ స్టెప్స్' వద్దు. పేరుకే వెయ్యి, ఉన్నవి డెబ్భై దరిదాపు మెట్లు, కానీ బరువుతో తిరిగి ఎక్కాలి. సొంత జెట్టీ, దానికి నిచ్చెన ఉన్న బసలో దిగండి. మొదటి రెండు రోజులు అక్కడే డైవ్ చేయండి. 'సాల్ట్ పియర్' మాత్రం వదలొద్దు. ఉప్పు ఎగుమతి చేసే ఆ రేవు స్తంభాల నిండా స్పంజులు, పగడాలు, వాటి మధ్య చేపల గుంపులు. ఓడ ఆగి ఉన్నప్పుడు మాత్రం దిగనివ్వరు.

విశాఖ_లంగరు:
పదకొండేళ్లు డైవింగ్ పడవల మీద పనిచేశాను. కాకినాడ గారూ, మీకు వాంతులైంది పడవ ఆగి ఉన్నప్పుడు, గమనించారా? ముందుకు సాగే పడవ కాస్త కుదురుగా ఉంటుంది. ఆగి, అల పక్క నుంచి తగిలితేనే దొర్లుతుంది. అందుకే నేనైతే ముందు అడిగేది ఒక్కటే: రెండు డైవ్‌ల మధ్య పడవ ఎక్కడ ఉంటుంది? ఒడ్డుకు వచ్చేస్తుందంటే సగం బాధ తీరినట్టే.

ఫొటోలో పొడవు కాదు, వెడల్పు చూడండి. జంట పడవల్లా అడుగుభాగం రెండుగా ఉండే కాటమరాన్ పక్కలకు తక్కువ ఊగుతుంది, ఎదురు అలల్లో మాత్రం దభీమని కొడుతుంది. పడవ మధ్యకు కాస్త వెనగ్గా, కింది అంతస్తులోనే కూర్చోండి, కానీ ఇంజను పొగ తగిలే చోట వద్దు. చూపు దిగంతం మీద ఉంచండి. మాత్ర వేసుకునేటట్టయితే డాక్టరును అడిగి, ముందు ఇంటి దగ్గర ఒకసారి వేసుకొని మత్తు వస్తుందేమో చూసుకోండి.

మీవారి విషయంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బరువులు, సిలిండరు నీళ్లలోనే విప్పి పైకి అందిస్తామని బుక్ చేసేటప్పుడే చెప్పండి. కుదరదన్న వాళ్ల పడవ ఎక్కకండి.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగు:
ఇండియా వచ్చినప్పుడు మా అండమాన్ కూడా చూడండి. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, 'నెమో రీఫ్'కు ఒడ్డు నుంచే ఇసుకలో నడిచి దిగవచ్చు. పోటు వేళ చూసుకొని వెళ్లండి, పాటులో, అంటే నీళ్లు వెనక్కు తగ్గినప్పుడు, చాలా దూరం నడవాలి. డుంగీలు సన్నటి చెక్క పడవలు, మీకు పడవు.

కాకినాడ_కెరటం:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇవన్నీ మావారికి చదివి వినిపించాను. సిలిండరు నీళ్లలోనే విప్పవచ్చని ఆయనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. బొనేర్‌లో గాలి ఎప్పుడు తక్కువ?

గోదారి_నుంచి_ఆమ్‌స్టర్‌డామ్:
సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. ఎప్పుడైనా గాలి దిశ మారి పడమటి నుంచి వీస్తే మాత్రం ఆ రోజు దిగకండి, జెట్టీ మీద కూర్చొని కాఫీ తాగండి.